సర్వర్ డౌన్ అంటే ఎక్కడ ఆగినట్టు?



"సర్వర్ డౌన్" అనే మాట వినని వాళ్లు మనలో ఒక్కరు కూడా ఉండరు. కులం సర్టిఫికెట్‌కు పోతే సర్వర్ డౌన్. రేషన్ షాపుల వేలు పెడితే సర్వర్ డౌన్. స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం కాలేజీ ఆఫీసు కిటికీ ముందట నిలబడితే సర్వర్ డౌన్, రేపు రా. రేపు రా అనేటోళ్లకు మన రేపు ఎంత దూరమో తెల్వదు. గూడెం నుంచి రోడ్డు దాక నడక, పొద్దున ఒకటే బస్సు, పోను రాను కిరాయి, ఇంట్ల ఒక మనిషి కూలి. ఇవన్నీ పోతే గాని ఒక "రేపు" రాదు.

నేను ఐదేళ్ల నుంచి ఆ కిటికీకి అవతలి పక్క పని చేస్తున్న. ఆఫీసుల కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునే ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం. కాలేజీలు, ఆస్పత్రులు, కాంట్రాక్టర్ల ఆఫీసులు మా కస్టమర్లు. అవతలి పక్కకు పోయినంక నాకు తెలిసిన పెద్ద ముచ్చట ఇది: సర్వర్ డౌన్ అని చెప్పిన రోజుల్లో ఎక్కువ రోజులు సర్వర్ బాగానే ఉంటది. లైటు వెలుగుతుంటది, ఫ్యాను తిరుగుతుంటది, ఫైళ్లు ఎక్కడివి అక్కడనే ఉంటయి. మధ్యలో ఎక్కడనో దారి ఆగుతది. ఎక్కడ ఆగిందో కంప్యూటర్ నంబర్ వేసి మరీ చెప్తది. ఆ నంబర్ చదివేటోళ్లే తక్కువ.

ఒక మాట ముందే చెప్తున్న. మీసేవ, రేషన్ మెషిన్ల సర్వర్లు ఎక్కడో దూరంగ ఉంటయి, వాటి సంగతి వేరే. నేను చెప్పేది ఒక ఆఫీసు లోపల అందరూ కలిసి వాడుకునే సర్వర్ గురించి. పది పదిహేను కంప్యూటర్లు ఉన్న ప్రతి చోటా అసొంటిది ఒకటి ఉంటది. అందరి ఫైళ్లు అందులో పెడ్తరు. ప్రతి కంప్యూటర్‌లో సీ డ్రైవ్, డీ డ్రైవ్ పక్కన జెడ్ డ్రైవ్ అనో, ఎస్ డ్రైవ్ అనో ఒకటి కనబడ్తది. అది ఆ కంప్యూటర్‌లో ఉన్న డిస్క్ కాదు. సర్వర్‌లో ఉన్న ఒక ఫోల్డర్‌కు పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు పొడుగ్గా ఉంటది: రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. రోజూ అంత పొడుగు ఎవరు కొడ్తరని దానికి ఒక్క అక్షరం తగిలిస్తరు. దీన్నే డ్రైవ్ మ్యాపింగ్ అంటరు.

డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడ్డదంటే ఆ ముద్దుపేరుకు, అసలు చోటుకు నడుమ ఏదో తెగిందని అర్థం. ఏం తెగిందో తెలుసుకోవాలంటే మన గూడేనికి కొత్తగా వచ్చే మనిషిని యాది చేసుకోండి. ముందు ఆయనకు ఊరు దొరకాలె. ఊరు దొరికినంక ఇల్లు దొరకాలె. ఇంటి ముందటికి వచ్చినంక "ఎవరు నువ్వు" అని అడుగుతరు, చెప్పాలె. ఎవరో తెలిసినంక కూడ వాకిట్ల మంచం వేసి కూసోబెడ్తరా, లోపలి అర్ర దాక రానిస్తరా అన్నది మళ్లీ వేరే.

విండోస్ నంబర్లు ఇట్లనే ఉంటయి. 53 అంటే ఊరే దొరకలేదు. 67 అంటే ఊరు దొరికింది, ఆ పేరుతో ఇల్లు లేదు, అంటే షేర్ పేరు తప్పు కొట్టినవు, లేకపోతే ఆ ఫోల్డర్ షేరింగ్ ఎవరో తీసేసిండ్రు. 1326 అంటే నువ్వెవరో వాళ్లకు నమ్మకం కుదరలేదు. 5 అంటే నువ్వెవరో తెలుసు, కాని ఇక్కడికి రావడానికి నీకు అనుమతి లేదు. నాలుగింటికీ మందు వేర్వేరు. నాలుగింటికీ బయట కిటికీలో చెప్పే జవాబు మాత్రం ఒక్కటే.

ఒక్కోసారి నంబర్ ఇంత తేటగా కనబడదు. సున్నా, ఎక్స్, తర్వాత 80070035 అని పెద్ద అంకె వస్తది. దాన్ని చూసి భయపడకండి. ముందటిదంతా ఇడిసిపెట్టి చివరి రెండు అంకెలు చూడండి. అవి పదహారు లెక్కలో ఉంటయి. 35 అంటే మూడు పదహార్లు 48, దానికి ఐదు కలిపితే 53. అదే పాత 53. చివర 43 ఉంటే నాలుగు పదహార్లు 64, మూడు కలిపితే 67. డిగ్రీ ఫస్టియర్ నంబర్ సిస్టమ్స్ పాఠం ఎందుకు పనికొస్తది అని అడిగే తమ్ముళ్లకు ఇది చూపిస్త నేను.

ఇగ ఒక రోజు సంగతి చెప్త.

ఒక కాలేజీ. పేరు వద్దు. స్కాలర్‌షిప్ రెన్యువల్ చివరి తేదీకి ఇంకా మూడు రోజులు ఉన్నయి. సోమవారం పొద్దున సూపరింటెండెంట్ సార్ ఫోన్ చేసి "సర్వర్ పోయింది, కొత్తది కొనాల్సి వస్తదేమో, తొందరగ రా" అన్నడు. నేను పోయేసరికి కిటికీ ముందట ముప్పై మంది దాక పిల్లలు. అందులో సగం మంది మన వైపు పిల్లలే, చూస్తే తెలుస్తది. ఒక తల్లి బిడ్డతో పాటు వచ్చి మెట్ల మీద కూసున్నది, సద్ది మూట ఒళ్లో పెట్టుకొని.

లోపల తొమ్మిది కంప్యూటర్లు. ఏ కంప్యూటర్ దగ్గర కూసోకముందే నేను అడిగే మొదటి ప్రశ్న: ఎందరికి వస్తలేదు? ఐదింట్ల జెడ్ డ్రైవ్ తెరుచుకుంట లేదు, నాలుగింట్ల తెరుచుకుంటుంది. ఈ ఒక్క మాటతో సగం పని అయిపోయినట్టే. సర్వర్ నిజంగ పోతే తొమ్మిదింట్ల పోవాలె. నాలుగింటికి అన్నం పెట్టిన పొయ్యి ఆరిపోయిందంటే ఎట్ల నమ్ముతం?

తెరుచుకోని కంప్యూటర్ల మీద 53. వాటిలో నల్ల తెర తెరిచి "నెట్ యూజ్" అని కొట్టి చూసిన. ఏ అక్షరం ఏ దారికి కట్టి ఉన్నదో ఆ కమాండ్ చూపిస్తది. ఈ ఉద్యోగంలో నేను అన్నింటికన్నా ఎక్కువ కొట్టే మాట ఇదే. ఆ ఐదింట్ల జెడ్ డ్రైవ్ సర్వర్ పేరుకు కాకుండ 192.168.1.10 అనే అడ్రస్‌కు కట్టి ఉన్నది. పనిచేస్తున్న నాలుగింట్ల సర్వర్ పేరుకు కట్టి ఉన్నది.

కాలేజీలో ముందే ఒకరు ఆ అడ్రస్‌ను పింగ్ చేసి చూసిండ్రంట. జవాబు వచ్చింది. "పింగ్ వస్తుంది సార్, కాని ఓపెన్ అయితలేదు, అందుకే సర్వర్ లోపల ఏదో కాలిపోయింది" అని వాళ్లు తేల్చిండ్రు. పింగ్‌కు జవాబు వస్తే అక్కడ ఎవరో ఉన్నరని మాత్రమే తెలుస్తది. ఎవరున్నరో తెల్వదు. ఫైళ్లు పంచుకునే పని 445 నంబర్ పోర్టు మీద జరుగుతది. ఆ పోర్టు తెరిచి ఉందా అని పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ కమాండ్‌తో అడిగిన. లేదన్నది. బ్రౌజర్‌లో అదే అడ్రస్ కొట్టిన. ప్రింటర్ పేజీ తెరుచుకున్నది!

జరిగిందేందంటే, ఆదివారం కరెంటు పోయి వచ్చింది. రౌటర్, సర్వర్, ప్రింటర్ అన్నీ ఆరిపోయి మళ్లీ లేచినయి. అడ్రస్‌లు పంచేది రౌటర్. ముందు లేచిన ప్రింటర్‌కు 10 ఇచ్చింది, తర్వాత లేచిన సర్వర్‌కు 14 ఇచ్చింది. ఐదు కంప్యూటర్లు పాత అడ్రస్‌కు పోయి ప్రింటర్ తలుపు కొడుతున్నయి. ప్రింటర్ ఏం చెప్తది పాపం, దాని దగ్గర స్కాలర్‌షిప్ ఫోల్డర్ యాడికెళ్లి వస్తది.

రౌటర్‌లోకి పోయి సర్వర్‌కు ఎప్పటికీ అదే అడ్రస్ ఇచ్చేట్టు కట్టేసిన. ఐదు కంప్యూటర్లలో పాత జెడ్ తీసేసి సర్వర్ పేరుతో మళ్లీ పెట్టిన. దీనికి పట్టింది నలభై నిమిషాలు. కొత్త సర్వర్ కొనాల్సిన అవసరం లేదని సార్‌కు చెప్తే కొంచెం నిరాశ పడ్డట్టే కనిపించిండు.

అయిపోయిందని బ్యాగు సర్దుతుంటే మూలకు ఒక చెల్లె ఫైళ్లకు దారం కడుతూ కనబడ్డది. స్కాలర్‌షిప్ కౌంటర్‌కు కొత్తగా ఔట్‌సోర్సింగ్‌లో వచ్చిందంట. పని డేటా ఎంట్రీ, చేస్తున్నది ఫైళ్లు మోసుడు. ఎందుకమ్మా అంటే, "నా లాగిన్ పనిచేస్తలేదన్నా, రెండు రోజులైంది. పాస్‌వర్డ్ కొట్టుడు కూడ రాదని సార్ కోప్పడ్డడు" అన్నది. ఎవరింటి బిడ్డవు అని అడిగితే ఇంటి పేరు చెప్పింది. ఆత్రం.

ఆ మాట విన్నంక నాకు అనుమానం పాస్‌వర్డ్ మీద నుంచి పేరు మీదికి పోయింది. ఎందుకో మీలో ఆత్రం వాళ్లకు, కుమ్రం వాళ్లకు, మెస్రం వాళ్లకు చెప్పక్కర్లేదు. మన ఇంటి పేరు ఇంగ్లీషులో ఎట్ల రాయాల్నో రాసేటోడి ఇష్టం. బళ్లో సారు ఒక తీరు రాసిండు, ఆధార్ సెంటర్‌లో పిల్లగాడు ఒక తీరు కొట్టిండు. టీ తర్వాత హెచ్ ఉంటే ఒక మనిషి, లేకపోతే ఇంకో మనిషి. ఒక్క అక్షరం తేడాకు అఫిడవిట్ కోసం తిరిగిన వాళ్లు ఈ గ్రూపులోనే ఎందరో ఉన్నరు.

1326 మెసేజ్ ఏమంటదో గమనించండి. యూజర్ పేరు గాని పాస్‌వర్డ్ గాని తప్పు అంటది. ఏది తప్పో చెప్పదు. కావాలనే చెప్పదు. పేరు కరెక్టే, పాస్‌వర్డ్ ఒక్కటే తప్పు అని చెప్తే దొంగకు సగం తాళం ఇచ్చినట్టు అయితది. కాబట్టి బయటోడికి చెప్పకపోవుడు న్యాయమే. కాని సర్వర్‌కు తెలుసు. ఫెయిల్ అయిన లాగిన్‌లు రాసి పెట్టుమని ఆన్ చేసి ఉంటే, సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబర్‌తో ఒక్కొక్కటి నమోదు అయితది. దాంట్ల సబ్ స్టేటస్ అని ఒక పెద్ద అంకె ఉంటది. చివర 64 ఉంటే అసలు ఆ పేరుతో మనిషే లేడు. చివర 6ఏ ఉంటే పేరు ఉన్నది, పాస్‌వర్డ్ తప్పు. మా కంపెనీ వాళ్లం ఏ ఆఫీసుకు పోయినా ఇది ముందు ఆన్ చేసి పెడ్తం.

చూస్తే రెండు రోజుల నుంచి వరుసబెట్టి 64. ఆమె అకౌంట్ చేసినోళ్లు పదో తరగతి మెమో చూసి హెచ్ పెట్టి చేసిండ్రు. ఆమె ఆధార్‌లో ఉన్నట్టు హెచ్ లేకుండ కొడుతుంది. పాస్‌వర్డ్ మొదటి రోజు నుంచి కరెక్టే. ఆ లాగ్ స్క్రీన్ మీద పెట్టి సార్‌ను పిలిచి చూపించిన. నేనేం అనలేదు, సార్ కూడ ఏం అనలేదు. చెల్లె మాత్రం "నా పాస్‌వర్డ్ కరెక్టే కదన్నా" అని రెండు సార్లు అడిగింది. కరెక్టే అని రెండు సార్లు చెప్పిన.

మూలన ఉన్న కంప్యూటర్‌లో హెచ్ పెట్టి కొడితే తెరుచుకున్నది. ఆమె అసలు కూసోవాల్సిన కౌంటర్ కంప్యూటర్ దగ్గరికి పోయి అదే కొడితే ఇంకో నంబర్, 1219. ఒకే సర్వర్‌కు ఒకే మనిషి రెండు పేర్లతో పోవద్దు అని దాని అర్థం. ఆ కంప్యూటర్‌లో అంతకు ముందు పని చేసి పోయినాయన పేరు, పాస్‌వర్డ్ దాచిపెట్టి ఉన్నయి. కంప్యూటర్ ఆన్ కాంగనే ఆయన పేరుతో సర్వర్ దగ్గరికి పోయి కూసుంటుంది. ఈ ఎర్రర్‌కు నెట్‌లో ఒక అడ్డదారి దొరుకుతది. సర్వర్ పేరు బదులు అడ్రస్ కొడితే విండోస్ దాన్ని వేరే సర్వర్ అనుకొని రానిస్తది. పని అయితది, కాని నాకు అది నచ్చదు. పోయిన మనిషి పేరు మీద ఇంకా పని నడుస్తుంటది, రేపు ఏ ఫైలు ఎవరు మార్చిండ్రంటే ఊర్లో లేనాయన పేరు వస్తది. అడ్రస్‌కు కట్టినందుకే కదా పొద్దున ఐదు కంప్యూటర్లు ఆగింది. నెట్ యూజ్‌తో పాత కనెక్షన్ డిలీట్ చేసి, కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆయన పేరు తీసేసి, ఒకసారి లాగ్ ఆఫ్ అయ్యి వచ్చి, అప్పుడు ఆమె పేరుతో పెట్టినం. వచ్చింది.

ఫోల్డర్ తెరుచుకున్నది, ఫైళ్లు కనబడ్డయి. ఒక దరఖాస్తు స్కాన్ చేసి సేవ్ కొడితే యాక్సెస్ డినైడ్. చెల్లె నా ముఖం చూసింది. నేను నవ్విన, ఎందుకంటే ఇప్పుడు మనం వాకిట్ల మంచం మీద ఉన్నం, లోపలి అర్ర ఒక్కటే మిగిలింది.

సర్వర్ ఫోల్డర్‌కు రెండు గేట్లు ఉంటయి. ఒకటి షేర్ పర్మిషన్, నెట్‌వర్క్ నుంచి వచ్చేటోళ్లకు. రెండోది సెక్యూరిటీ ట్యాబ్‌లో ఉండే ఫోల్డర్ పర్మిషన్. రెండింట్ల ఏది బిగుతుగా ఉంటే అదే నడుస్తది. షేర్ కొత్తగా చేసినప్పుడు విండోస్ తనంతట తాను అందరికీ చదివే హక్కు మాత్రమే ఇస్తది. చానా మంది సెక్యూరిటీ ట్యాబ్‌లో అన్ని టిక్కులు పెట్టి, బయటి గేటు మరిచిపోయి, గంటల కొద్దీ తల గోక్కుంటరు.

సార్ అన్నడు, "ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్ బాబూ, గొడవ పోతది." ఈ మాట నేను ప్రతి ఆఫీసులో వింట. నిజమే, గొడవ పోతది. కాని ఆ ఫోల్డర్‌లో ఏమున్నయి? పిల్లల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, ఫోన్ నంబర్లు, కులం సర్టిఫికెట్లు. ఎవరివి? కిటికీ బయట నిలబడ్డ వాళ్లవి. ల్యాబ్‌లో ఆటలాడే పోరగాడు కూడ తెరిచి డిలీట్ కొట్టేటట్టు ఎట్ల ఇస్తం? స్కాలర్‌షిప్ అని ఒక గ్రూపు చేసి, ఆ సీటులో పని చేసే ముగ్గురిని అందులో పెట్టి, రెండు గేట్లలో ఆ గ్రూపుకు మార్చే హక్కు ఇచ్చిన. గ్రూపులో కలిపినంక మళ్లీ ఒకసారి లాగ్ ఆఫ్ చేసి రావాలె, లేకపోతే పాత హక్కులే నడుస్తయి. పది నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే.

ఆ రోజు సాయంత్రం కిటికీ మూసే వరకు చెల్లె 26 దరఖాస్తులు ఎక్కించింది. సద్ది మూట తల్లి బిడ్డది పదో పదకొండో.

ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు ఇంకొన్ని చెప్త, ఇవి ఒక్కొక్కటి నాకు ఒక్కో ఆఫీసులో తగిలినయి.

పొద్దున అందరికీ వచ్చి, జనం నిండినంక కొందరికి రాకుంటే 71 నంబర్ ఉందేమో చూడండి. చిన్న ఆఫీసులు మామూలు విండోస్ కంప్యూటర్ ఒకటి కొని దానికే సర్వర్ అని పేరు పెడ్తరు. మామూలు విండోస్ 10 గాని 11 గాని ఒకేసారి 20 కనెక్షన్లే తీసుకుంటది. ఇరవై ఒకటోడు బయటనే. దీనికి రిపేర్ లేదు, నిజమైన సర్వర్ విండోస్ కొనాలె, లేకపోతే లైనక్స్ మీద సాంబా పెట్టుకోవాలె. సాంబా ఉచితం, ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన 1990ల మొదట్ల చదువుకుంట ఉన్నప్పుడు మొదలుపెట్టింది.

పాత నెట్‌వర్క్ స్టోరేజ్ డబ్బా ఉన్న చోట కొత్త కంప్యూటర్ కొనంగనే డ్రైవ్ రాకపోతే, ఆ డబ్బా ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్ మాత్రమే మాట్లాడుతుందేమో చూడాలె. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ఆ పాత వెర్షన్‌లోని లొసుగు పట్టుకొనే దేశదేశాలు తిరిగింది. అదే ఏడాది చివర్ల వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా వేసే విండోస్‌లో దాన్ని పెట్టుడు బంద్ చేసిండ్రు. మళ్లీ ఆన్ చేసే టిక్కు ఒకటి ఉంటది. యూట్యూబ్‌లో అందరూ అదే చూపిస్తరు. చేయకండి. డబ్బా అప్‌డేట్ చేయండి, లేదంటే మార్పించండి. అట్లనే విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వచ్చినంక పాస్‌వర్డ్ లేకుండ గెస్ట్‌గా పోయే షేర్లు కూడ ఆగిపోతున్నయి. అక్కడ కూడ మందు ఒకటే, పేరు, పాస్‌వర్డ్ పెట్టుడు.

పావు గంట ఎవరూ ముట్టుకోకపోతే సర్వర్ కనెక్షన్ తెంపుతది, డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడ్తది, డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ తెరుచుకుంటది. అది రోగం కాదు. దానికి ఫోన్ చేసి నన్ను నలభై కిలోమీటర్లు రప్పించినోళ్లు కూడ ఉన్నరు.

డొమైన్ ఉన్న పెద్ద ఆఫీసులో ఒక్క పాత కంప్యూటర్‌కే లాగిన్ ఇబ్బంది అయితే గడియారం చూడండి. సర్వర్‌కు, కంప్యూటర్‌కు ఐదు నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే కెర్బెరోస్ ఒప్పుకోదు. లోపల నాణెం లాంటి బ్యాటరీ అయిపోయి ఉంటది. బ్యాటరీ మారిస్తే అయిపోతది. ఇంకోటి, జెడ్ డ్రైవ్ కండ్ల ముందట కనబడుతున్నా ఏదన్నా సాఫ్ట్‌వేర్ "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని తెరిస్తే దానికి మాత్రం కనబడదు. మామూలు మీరు, అడ్మిన్ మీరు విండోస్ లెక్కలో ఇద్దరు వేర్వేరు. ఒకరు కట్టుకున్న డ్రైవ్ ఇంకొకరికి ఉండదు.

మనోళ్లు చానా మంది అడుగుతరు, ఇంగ్లీషు సరిగ్గ రానోళ్లం ఈ ఫీల్డ్‌లో పనికొస్తమా అని. నేను ఇంట్ల గోండి, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, స్క్రీన్ మీద ఇంగ్లీషు చూసి పెరిగినోణ్ణి. మూడో భాష కాబట్టి మెసేజ్ వస్తే ఒక్కొక్క పదం ఆగి ఆగి చదివేటోణ్ణి. ఇప్పుడు కూడ అట్లనే చదువుత. నేను చూసినంత వరకు ఇంగ్లీషు గలగల మాట్లాడేటోళ్లు ఎర్రర్ రాంగనే చదవకుండ ఓకే కొట్టి "ఏదో వచ్చిందండీ, పోయింది" అంటరు. మాతో పని చేసే ఒక అక్క, ఆమెది ఉట్నూరు పక్కనే, నోట్‌బుక్ పెట్టుకొని ప్రతి ఎర్రర్ తేదీతో సహా ఉన్నది ఉన్నట్టు రాసుకుంటది. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగులో ఏం చేస్తే పోయిందో. మా ఆఫీసులో సర్టిఫికెట్ కోర్సులు చేసినోళ్లు కూడ చివరికి ఆ నోట్‌బుక్కే అడుగుతరు.

ఇంటర్వ్యూలకు పోయే వాళ్లకు: డెస్క్‌టాప్ సపోర్ట్ పోస్టుకు "యూజర్‌కు షేర్డ్ డ్రైవ్ రావట్లేదు, ఏం చేస్తవ్" అనేది మామూలుగా అడిగే ప్రశ్న. రీస్టార్ట్ చేస్త అని మొదలుపెట్టకండి. ఆయన ఒక్కడికేనా, అందరికీనా అని ఎదురు అడగండి. నిన్నటి దాక వచ్చిందా, ఎన్నడూ రాలేదా అని అడగండి. స్క్రీన్ మీద నంబర్ ఎంత ఉన్నది అని అడగండి. ఈ మూడు అడిగితే మీరు పని చేసినోళ్లని ఎదుటోళ్లకు తెలిసిపోతది.

ఇంట్ల ప్రాక్టీస్ చేయడానికి సర్వర్ అక్కర్లేదు. హాస్టల్‌లో రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఒక దాంట్ల ఫోల్డర్ షేర్ చేయండి, ఇంకో దాంట్ల డ్రైవ్‌గా పెట్టండి. రాకపోతే ముందు నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందా ప్రైవేట్ అని ఉందా చూడండి, పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ రానియ్యదు. వచ్చినంక కావాలని చెడగొట్టండి. షేర్ పేరు మార్చండి, యూజర్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టండి, రైట్ తీసేసి రీడ్ ఒక్కటే ఉంచండి. ఏది చెడగొడితే ఏ నంబర్ వస్తదో రాసుకోండి. ఇద్దరు కూసుంటే ఒక్క ఆదివారం పని.

ఎవరికైనా ఎర్రర్ వస్తే కింద పెట్టండి, నైట్ డ్యూటీ లేని రోజు చూసి జవాబు ఇస్త. ఫొటో తీసేటప్పుడు నంబర్ కనబడేటట్టు తీయండి. ఎన్ని కంప్యూటర్లకు వస్తలేదో రాయండి. వెనకాల గోడ మీద అతికించిన వైఫై పాస్‌వర్డ్ మాత్రం ఫొటోలో పడకుండ చూసుకోండి, పోయినసారి ఒక తమ్ముడు పెట్టిన దాంట్ల అది తేటగా కనబడ్డది.